తొరియామాకు నివాళిగా ఒక ఆట ఆడాలంటే ఏది ఎంచుకోవాలి?

డ్రాగన్ బాల్‌ను సృష్టించిన జపాన్ చిత్రకారుడు అకిరా తొరియామా 2024 మార్చి 1న, 68 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వారం తర్వాత ఆ వార్త బయటికి రాగానే ప్రపంచమంతా గోకు బొమ్మను పంచుకుంది. కార్టూన్ నెట్‌వర్క్‌లో డ్రాగన్ బాల్ జీ చూస్తూ పెరిగిన మనవాళ్లకు కూడా ఆయన అంటే ముందుగా గుర్తొచ్చేది గోకు, వెజిటా, పికోలోలే. అయితే ఆయన పనిలో పెద్ద భాగం వీడియో గేమ్‌లలో ఉంది. వారం వారం మాంగా (జపాన్ కామిక్స్) గీయడం 1995లో ఆపేశారు కానీ ఆటలకు బొమ్మలు గీయడం మాత్రం 1986లో మొదలుపెట్టి చివరి సంవత్సరాల దాకా కొనసాగించారు.

ఒక చిత్రకారుడిని గౌరవించడానికి ఆయన పనితో కొన్ని గంటలు గడపడం కన్నా మంచి మార్గం నాకు తెలియదు. మాంగాలో ఒక పుటను కొన్ని క్షణాల్లో దాటేస్తాం. ఆటలో ఆ మనిషి ఊహించిన ఊళ్లో తిరుగుతాం, ఆయన గీసిన వింత జంతువును పక్క నుంచీ వెనక నుంచీ చూస్తాం, ఆయన కనిపెట్టిన బండిని మనమే నడుపుతాం. ఎటొచ్చీ ఆయన పేరుతో ముడిపడ్డ ఆటలు పదుల సంఖ్యలో ఉన్నాయి. కొన్ని ఇరవై గంటల్లో పూర్తవుతాయి, కొన్ని వంద గంటలు అడుగుతాయి. వాటిలో ఏది ఎవరికి సరిపోతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

చాలామంది వెంటనే ఒక డ్రాగన్ బాల్ ఆట కొంటారు. నా సలహా వేరు. గోకు కనిపించే ఆటను కాకుండా తొరియామా చేయి కనిపించే ఆటను వెతకండి. ఈ రెండూ ఒకటి కావు. డ్రాగన్ బాల్ ఆటలు ఎక్కువగా ఆయన ఎన్నో ఏళ్ల క్రితం మాంగా కోసం గీసిన పాత్రలను తీసుకుని వేరే బృందాలు తయారుచేసినవి. డ్రాగన్ క్వెస్ట్, క్రోనో ట్రిగ్గర్ లాంటివి అలా కాదు. వాటి కోసమే ఆయన కూర్చుని ముఖాలు, బట్టలు, రాక్షసులు గీశారు. ఆయన గీయకపోతే ఆ ఆటలకు ఆ రూపమే ఉండేది కాదు.

ఇది మొదటి కొలత. రెండోది మీ దగ్గర ఉన్న సమయం. మూడోది మీ దగ్గర ఉన్న యంత్రం: ఫోనా, కంప్యూటరా, ప్లేస్టేషన్ లేదా స్విచ్ లాంటి కన్సోలా. ఇక మనకు ప్రత్యేకంగా పనికొచ్చే నాలుగో కొలత ఇంగ్లిష్. ఇక్కడ చెప్పే ఆటల్లో ఏదీ తెలుగులో లేదు. కొన్నిటిలో ఇంగ్లిష్ సులువుగా ఉంటుంది, కొన్నిటిలో అడుగడుగునా ఆగాల్సి వస్తుంది. పిల్లలకు కొనిపెట్టేవాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

ఒక్క పేరే చెప్పమంటే: క్రోనో ట్రిగ్గర్

1995 మార్చి 11న స్క్వేర్ సంస్థ దీన్ని జపాన్‌లో నింటెండో వారి సూపర్ ఫామికామ్ కన్సోల్ కోసం విడుదల చేసింది. ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరోనోబు సకాగుచి, డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త యూజి హొరీ, బొమ్మలకు తొరియామా. జపాన్‌లో పోటాపోటీగా అమ్ముడవుతున్న రెండు ఆటల వెనుక ఉన్నవాళ్లు ఒకే ఆటకు పనిచేయడం అప్పట్లో ఊహకందని విషయం. సంగీతం యసునోరి మిట్సుదాది. పని ఒత్తిడిలో ఆయన ఆరోగ్యం దెబ్బతింటే నొబువో ఉయెమాట్సు కొంత భాగం పూర్తి చేశారు. డ్రాగన్ బాల్ మాంగా ముగిసింది కూడా ఆ ఏడాదే. అంటే తొరియామా చేయి బాగా పదును మీద ఉన్న కాలం అది.

కథ ఒక ఊరి జాతరలో మొదలవుతుంది. క్రీస్తు శకం 1000. క్రోనో అనే కుర్రవాడు జాతరలో మార్ల్ అనే అమ్మాయికి తగులుతాడు. స్నేహితురాలు లూకా తయారుచేసిన యంత్రం పొరపాటున మార్ల్‌ను 400 ఏళ్లు వెనక్కి పంపేస్తుంది. అక్కడి నుంచి కథ డైనోసార్ల కాలానికీ, శిథిలమైన 2300 నాటి భవిష్యత్తుకూ వెళ్తుంది. 1999లో లావోస్ అనే జీవి భూమిని నాశనం చేసిందని తెలిశాక, దాన్ని ఆపడమే వీళ్ల పనవుతుంది.

ఇందులో తొరియామాను చూడాలంటే ముందు లూకాను చూడండి. గుండ్రటి కళ్లద్దాలు, తలపై హెల్మెట్, చేతిలో తానే తయారుచేసిన తుపాకీ. ఆయన పాత మాంగా డాక్టర్ స్లంప్‌లోని అరాలే కళ్లద్దాలు, డ్రాగన్ బాల్‌లోని బుల్మా బుర్ర ఒకే అమ్మాయిలో కలిసినట్టు ఉంటుంది. యంత్రాలంటే ఇష్టపడే ఆడపిల్లను గీయడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం. తర్వాత ఫ్రాగ్‌ను చూడండి. శాపం తగిలి కప్పగా మారిన యోధుడు, భుజాన వస్త్రం, చేతిలో కత్తి. కప్పకు కత్తి ఇస్తే ఎవరు గీసినా నవ్వు వస్తుంది. తొరియామా గీస్తే నవ్వు రాకముందే గౌరవం కలుగుతుంది. ఒక వింత రూపానికి హుందాతనం ఇవ్వడం చాలామంది చిత్రకారులకు జీవితాంతం సాధ్యం కాదు. ఆయనకు అది ఉఛ్ఛ్వాస నిశ్వాసాలంత సులువుగా వచ్చినట్టు కనిపిస్తుంది. వెనుక ఉన్న శ్రమను కనబడనివ్వకపోవడమే ఆయన గొప్పతనం.

ఆట కూడా బొమ్మలకు తగ్గట్టే ఉంటుంది. శత్రువులు నడిచే దారిలోనే కనిపిస్తారు, పోరు కోసం వేరే తెర తెరుచుకోదు. ఇద్దరు ముగ్గురు కలిసి కొట్టే దెబ్బలు ఉంటాయి. మొత్తం 20 నుంచి 25 గంటల్లో పూర్తవుతుంది. ముగింపులు పదికి పైగా ఉన్నాయి కాబట్టి, ఒకసారి పూర్తి చేసినవాళ్లు సంపాదించిన బలంతోనే మళ్లీ మొదటి నుంచి ఆడుకోవచ్చు.

లోటు ఒకటి చెప్పాలి. తెర మీద కనిపించేవి చిన్న చిన్న పిక్సెల్ బొమ్మలు. తొరియామా కలంతో గీసిన ముఖాలు ఆ చుక్కల్లో పూర్తిగా దొరకవు. ఈ ఆట కోసం ఆయన వేసిన రంగుల చిత్రాలను పక్కన పెట్టుకుని ఆడితే ఆ లోటు చాలావరకు తీరుతుంది. అవి చూశాక, తెర మీద ఆ చిన్న బొమ్మ తల వంచినా నవ్వినా అసలు ముఖం మనకే కనబడుతుంది.

కొనేటప్పుడు ఏ ప్రతి తీసుకోవాలన్నది సులువే. ఫోన్‌లో ఆడేవాళ్లకు ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలో ఉంది. కంప్యూటర్‌లో స్టీమ్ (ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ప్రతి 2018 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు బొమ్మల నాణ్యత గురించి గట్టి విమర్శలు ఎదుర్కొంది, ఆ తర్వాతి నెలల్లో సరిచేశారు. ఇప్పుడు నిశ్చింతగా కొనవచ్చు. ఈ ప్రతుల్లో ఇంగ్లిష్ కూడా సులువైనది. మొదటి అమెరికా విడుదలలో ఫ్రాగ్ పాతకాలపు ఇంగ్లిష్‌లో మాట్లాడేవాడు, తర్వాతి అనువాదంలో దాన్ని మామూలు భాషకు మార్చారు.

సమయం ఉన్నవాళ్లకు: డ్రాగన్ క్వెస్ట్

క్రోనో ట్రిగ్గర్ ఒక్కటే ఆట. డ్రాగన్ క్వెస్ట్ మాత్రం తొరియామా జీవితంలో సగానికి పైగా సాగిన పని. యూజి హొరీ షోనెన్ జంప్ వారపత్రికలో ఆటల గురించి రాసేవారు. తొరియామాకు సంపాదకుడైన కజుహికో తొరిషిమా ద్వారా ఇద్దరికీ పని కలిసింది. మొదటి ఆట 1986 మే 27న ఎనిక్స్ సంస్థ ద్వారా నింటెండో మొదటి కన్సోల్ ఫామికామ్‌పై వచ్చింది.

అందులోని స్లైమ్ అనే రాక్షసి కథ తెలుసుకోవాల్సిందే. హొరీ ఇచ్చిన చిత్తు రేఖాచిత్రంలో అది జిగురు ముద్దలా కుప్పపోసినట్టు ఉండేది. తొరియామా దాన్ని నీటిబొట్టు ఆకారంలోకి మార్చి, రెండు గుండ్రటి కళ్లు పెట్టి, నోటికి ఒక నవ్వు తగిలించారు. అంతే. ఆట మొదట్లోనే ఎదురయ్యే అతి బలహీనమైన రాక్షసి జపాన్‌లో అందరూ గుర్తుపట్టే బొమ్మ అయిపోయింది. నా దృష్టిలో ఆయన గీసినవాటిలో గోకు తర్వాత స్థానం ఈ బొట్టుదే.

దీని వెనుక ఒక పద్ధతి ఉంది. తొరియామా తక్కువ గీతలతో ఎక్కువ చెప్పే మనిషి. గోకు బలం పెరిగినప్పుడు మారే సూపర్ సయ్యాన్ రూపంలో జుట్టును తెల్లగా వదిలేయడానికి ఒక కారణం, నల్ల సిరా నింపే పని సహాయకుడికి తగ్గుతుందని. నగరాలు గీయడం శ్రమ కాబట్టి పోట్లాటలను ఎడారి నేలల్లో పెట్టేవారు. ఆయన దీన్ని దాచుకోకుండా చెప్పుకున్నారు. ఆ పొదుపే ఆటలకు వరమైంది. ఫామికామ్ చూపగలిగే కొద్దిపాటి చుక్కల్లో కూడా ఆయన రాక్షసి చప్పున గుర్తుపట్టేలా ఉండేది. నీడ మాత్రమే చూపినా ఇది స్లైమ్, ఇది గోలెమ్ అని చెప్పవచ్చు. సన్నని గీతలతో, వివరాలతో నిండిన బొమ్మలు గీసే చిత్రకారుడు ఆ పనికి వచ్చి ఉంటే ఆ వివరాలన్నీ చుక్కల్లో కొట్టుకుపోయేవి.

ఇప్పుడు ఎంపిక. ఈ వరుసలో మూడింటిని గట్టిగా పోల్చి చూడాలి.

మొదటిది డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్. అసలు ఆట 2017లో జపాన్‌లో వచ్చింది. 2019లో స్విచ్‌పై, 2020 డిసెంబరులో పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లపై వచ్చిన ఎస్ ప్రతిలో అదనపు కథలు, వాద్యబృందం వాయించిన సంగీతం ఉన్నాయి. తొరియామా బొమ్మ లోపలికి నడిచి వెళ్లాలనుకుంటే దీన్ని మించినది లేదు. పాత్రల కనుబొమలు, ముక్కు, చేతివేళ్ల మందం దాకా ఆయన కాగితం మీద ఎలా ఉంచారో అలాగే కదులుతాయి. ఎదురొచ్చే రాక్షసులను కాసేపు కొట్టకుండా చూడండి. ఒకటి కునుకు తీస్తుంది, ఒకటి గంతులేస్తుంది. కొన్నిటిని ఓడించి వాటి మీద ఎక్కి తిరగవచ్చు కూడా. సర్కస్ కళాకారుడు సిల్వాండో నడకలో, పసిపిల్లగా మారిపోయిన మంత్రగత్తె వెరోనికా కోపంలో ఆయన హాస్యం నిండుగా ఉంది.

కథ సంప్రదాయమైనదే. లోకాన్ని కాపాడాల్సిన వీరుడినని తెలుసుకుని రాజు దగ్గరికి వెళ్లిన కుర్రవాడిని ఆ రాజే దుష్టుడని ముద్ర వేసి చెరలో పెడతాడు. పోరు వంతులవారీగా సాగుతుంది, వేళ్ల వేగం అక్కర్లేదు. ప్రధాన కథకే 50 గంటలు కావాలి, అన్నీ చూడాలంటే 100 దగ్గరికి పోతుంది. ఉద్యోగం చేస్తూ రాత్రి అరగంట ఆడేవాళ్లకు ఇది నెలల పని, ముందే తెలుసుకుని దిగండి. ఇంగ్లిష్ కూడా కష్టం. ఒక్కో ఊరి జనం ఒక్కో యాసలో మాట్లాడతారు, ఒక ఊరివాళ్లయితే ఏకంగా హైకూల్లో మాట్లాడతారు. అనువాదకుల పని అద్భుతం, కానీ పదేళ్ల పిల్లవాడికి పక్కన ఒక పెద్దవాళ్లు కూర్చోవాలి.

రెండోది డ్రాగన్ క్వెస్ట్ 8. 2004లో ప్లేస్టేషన్ 2 కోసం లెవెల్-5 సంస్థ తయారుచేసింది. పిక్సెల్ బొమ్మలుగా ఉన్న తొరియామా ప్రపంచం కొండలూ నదులూ ఉన్న నిజమైన త్రిమితీయ నేలగా మారింది ఇక్కడే. దొంగతనాలు మానేసిన యాంగస్, పచ్చని మరుగుజ్జు రాక్షసుడిగా మారిపోయిన రాజు ట్రోడ్ లాంటివాళ్లు ఇందులో ఉన్నారు. ఇది ఫోన్లలో దొరుకుతుంది. నిలువుగా పట్టుకుని ఒంటిచేత్తో ఆడవచ్చు. ఫోన్ ప్రతిలో పాత్రల గొంతులు లేవు, అది నిజంగా లోటే. అయినా చేతిలో ఫోన్ మాత్రమే ఉండి, పెద్ద ప్రయాణం కావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒకసారి డబ్బు కట్టి కొంటే ఆట మొత్తం మీదే.

మూడోది 2024 నవంబరు 14న వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 3 హెచ్‌డీ-2డీ. అసలు ఆట 1988 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు జపాన్‌లో పిల్లలు బడి ఎగ్గొట్టి మరీ దుకాణాల ముందు వరుసలు కట్టారు. ఆ తర్వాతి భాగాలు చాలాకాలం శని, ఆదివారాల్లోనే విడుదలయ్యాయి. కొత్త ప్రతిలో పాత్రలు పిక్సెల్ బొమ్మలుగానే ఉంటూ చుట్టూ ఉన్న లోకం త్రిమితీయంగా ఉంటుంది. రాక్షసులు మాత్రం పెద్దగా, చక్కగా కదులుతారు. తొరియామా రాక్షసుల కోసమే అయితే ఇది గొప్ప ఎంపిక. మనుషుల ముఖాల కోసమైతే 11కే వెళ్లండి. ఇందులో మీ జట్టును మీరే తయారుచేసుకుంటారు కాబట్టి, తొరియామా రాసుకున్నట్టుండే హాస్యపు పాత్రలు వెంట ఉండవు. నాకు అది వెలితిగా అనిపిస్తుంది.

యంత్రాల తొరియామా: సాండ్ ల్యాండ్

ఆయన్ను పోరాటాల చిత్రకారుడిగా మాత్రమే తెలిసినవాళ్లు ఈ ఆట తప్పక చూడాలి. తొరియామాకు ప్లాస్టిక్ మోడళ్లంటే, కార్లంటే, ట్యాంకులంటే ప్రాణం. డాక్టర్ స్లంప్ రోజుల నుంచీ ఆయన బండ్లు బొద్దుగా, పొట్టిగా, నిజంగానే నడుస్తాయేమో అన్నంత నమ్మకంగా ఉంటాయి. సాండ్ ల్యాండ్ ఆయన 2000లో గీసిన చిన్న మాంగా, మొత్తం ఒకే సంపుటం. నీళ్లు కరువైన ఎడారి లోకం. ఉన్న నీటిని రాజు గుప్పిట్లో పెట్టుకుని జనానికి అమ్ముకుంటాడు. రావ్ అనే వృద్ధ షెరీఫ్, బీల్జెబబ్ అనే కుర్ర దెయ్యం, థీఫ్ అనే ముసలి దెయ్యం కలిసి నీటి ఊట వెతకడానికి బయలుదేరతారు. దారిలో సైన్యం ట్యాంకును ఎత్తుకుపోతారు. అరవై దాటిన మనిషిని కథానాయకుడిగా పెట్టి, యుద్ధం గురించీ అపరాధ భావం గురించీ పిల్లల పత్రికలో అంత తేలికగా, అంత గట్టిగా చెప్పడం ఆయనకే చెల్లింది.

దీని ఆధారంగా వచ్చిన ఆట 2024 ఏప్రిల్ చివర్లో, ఆయన పోయిన రెండు నెలల లోపే విడుదలైంది. ఐఎల్‌సీఏ తయారుచేసింది, బండాయ్ నామ్కో ప్రచురించింది. విశాలమైన ఎడారిలో ట్యాంకు, మోటారు సైకిలు, గంతులేసే రోబో లాంటి బండ్లు మీరే విడిభాగాలు పోగుచేసి కట్టుకుని నడుపుతారు. ట్యాంకు నడుపుతున్నంతసేపూ ఆట అద్భుతంగా ఉంటుంది. ఆ ఫిరంగి గోపురం తిరిగే తీరు, ఇసుక మీద గొలుసు చక్రాల జాడ, బండి లోపలి బొద్దుతనం అంతా మాంగా పుటే. మాంగాలో లేని ఫారెస్ట్ ల్యాండ్ కథ కూడా ఇందులో ఉంది. ఆ కొత్త భాగం కథ తొరియామాదే.

బండి దిగితే మాత్రం ఆట నీరసపడుతుంది. చేతులతో పోరు మామూలుగా ఉంది. సైనికులకు కనబడకుండా నక్కి వెళ్లే ఘట్టాలు ఎక్కువై విసిగిస్తాయి. మెకానిక్ అమ్మాయి ఆన్ గ్యారేజీలో ఒక్కో భాగం బిగించి చూసుకునే ఓపిక మీకు ఉంటే 25 గంటలు హాయిగా గడుస్తాయి. ఆ ఓపిక లేనివాళ్లు మాంగా సంపుటం చదివితే చాలు, అది ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆటగా నా జాబితాలో ఇది నాలుగోదో ఐదోదో అవుతుంది. నివాళిగా మాత్రం రెండో స్థానం ఇస్తాను, ఎందుకంటే ఆయన తన సరదా కోసం ఏం గీసుకునేవారో ఇందులో తెలుస్తుంది.

గోకునే కావాలనుకునేవాళ్లకు

దాంట్లో తప్పేమీ లేదు. డ్రాగన్ బాల్ 1984 నుంచి 1995 దాకా 519 అధ్యాయాలు, 42 సంపుటాలుగా సాగింది. చాలామందికి తొరియామాతో ఉన్న అనుబంధమంతా అదే. మూడు ఆటల మధ్య తేడా చెబుతాను.

డ్రాగన్ బాల్ జీ కాకరాట్ 2020 జనవరిలో వచ్చింది. సైబర్‌కనెక్ట్2 తయారీ. రాడిట్జ్ రాకతో మొదలై మాజిన్ బూ దాకా కథ మొత్తం మీరే ఆడతారు. పోరు సులువు, కొన్ని బటన్లు నేర్చుకుంటే చాలు. కానీ ఈ ఆట విలువ పోరుల మధ్య ఉన్న ఖాళీ సమయంలో ఉంది. గోకు నకిలీ తోక నీళ్లలో వేసి చేపలు పడతాడు, కుటుంబంతో కూర్చుని తింటాడు, పికోలోతో కలిసి కారు నడపడం నేర్చుకుంటాడు. ఆ కారు ఘట్టం మాంగాలో లేదు, అనిమే (టీవీ కార్టూన్) వాళ్లు చేర్చినది. అయినా తొరియామా హాస్యానికి అతికినట్టు సరిపోయింది. గిన్యూ దళంలో ఒకప్పటి సభ్యురాలిగా కనిపించే బోన్యూను ఈ ఆట కోసం తొరియామానే కొత్తగా గీశారు. చిన్నప్పుడు టీవీలో చూసి సగంలో వదిలేసినవాళ్లకు, ఎపిసోడ్లన్నీ తిరిగి చూసే తీరిక లేనివాళ్లకు ఇదే సరైనది. ఇంగ్లిష్ అంతగా రాకపోయినా కథ అర్థమవుతుంది.

డ్రాగన్ బాల్ ఫైటర్జ్ 2018 జనవరి నాటిది. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వాళ్లు త్రిమితీయ బొమ్మలను చేతితో గీసిన బొమ్మల్లా కనిపించేలా మలిచారు. ముగ్గురికి ముగ్గురు జట్లుగా పోరు. చిత్రకళ కోణంలో చూస్తే డ్రాగన్ బాల్ ఆటల్లో ఇదే నా ఎంపిక. తొరియామా మాంగాలో పోరాటాలు చదవడం ఎందుకు అంత సులువు? ఎవరు ఎక్కడ ఉన్నారు, దెబ్బ ఎటు నుంచి ఎటు వెళ్లింది అన్నది ఒక్క గడిలోనే తెలిసిపోతుంది. ఆ స్పష్టతను ఈ ఆట పట్టుకుంది. ఫ్రీజాను గోకు ఓడించే ఘట్టం లాంటివి సరైన చోట సరైన దెబ్బతో ముగిస్తే మాంగా గడి తెరమీదికి వచ్చినట్టు ఆడతాయి. ఆండ్రాయిడ్ 21 అనే కొత్త పాత్ర రూపం కూడా తొరియామా చేతిదే. అయితే ఇది పోటీ ఆట. ఒంటరిగా ఆడే కథ భాగం ఒకే రకంగా సాగి విసుగు పుట్టిస్తుంది. పక్కన కంట్రోలర్ పట్టుకునే తమ్ముడో స్నేహితుడో ఉంటేనే దీని విలువ తెలుస్తుంది.

డ్రాగన్ బాల్ స్పార్కింగ్ జీరో 2024 అక్టోబరు 11న వచ్చింది. తొరియామా కథ, రూపకల్పన అందించిన డ్రాగన్ బాల్ దైమా అనిమే మొదలైన రోజు కూడా అదే. విడుదల నాటికే 182 పాత్రలు. ఆకాశంలో ఎగురుతూ కొండల్ని పగలగొట్టే పోరాటాలు కావాలంటే దీనికి సాటి లేదు. పాత్రల సంగ్రహాలయంగా ఇది ఆనందం ఇస్తుంది. కానీ నివాళిగా దీన్ని నేను చివరన పెడతాను. పాత్రలు ఎక్కువయ్యే కొద్దీ ఒక్కో పాత్రతో గడిపే సమయం తగ్గుతుంది. పైగా దీనికి బలమైన గ్రాఫిక్స్ కార్డు కావాలి, మామూలు ల్యాప్‌టాప్‌లో నడవదు.

ఫోన్లో ఉచితంగా దొరికే డ్రాగన్ బాల్ ఆటలను మాత్రం ఈ పని కోసం ఎంచుకోవద్దు. లాటరీ తీసినట్టు పాత్రల కోసం డబ్బు పెట్టించడమే వాటి పద్ధతి. బొమ్మలు బాగుంటాయి, కానీ మనసు బొమ్మల మీద ఉండదు, తర్వాత ఏ పాత్ర తగులుతుందా అన్న దాని మీద ఉంటుంది. పిల్లల చేతికి ఇస్తే ఇంకా ప్రమాదం.

దొరికితే చూడాల్సినవి

1996 నాటి టోబాల్ నంబర్ 1 అనే పోరాట ఆట పాత్రలను తొరియామా గీశారు. సకాగుచి, ఉయెమాట్సులతో మళ్లీ కలిసి పనిచేసిన బ్లూ డ్రాగన్ 2006లో ఎక్స్‌బాక్స్ 360పై వచ్చింది. మొదటిది పాత ప్లేస్టేషన్ ఆట, ఇప్పుడు సులువుగా దొరకదు. రెండోదాన్ని ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లు ఆడవచ్చు, కానీ ఆట నిదానంగా సాగుతుంది. క్రోనో ట్రిగ్గర్, డ్రాగన్ క్వెస్ట్ రెండూ చూసేసినవాళ్లే వీటి దగ్గరికి రావాలి.

మరి మీరు ఏది తీసుకోవాలి

ఫోన్ ఒక్కటే ఉండి, నెల రోజుల్లో పూర్తయ్యే ఆట కావాలంటే క్రోనో ట్రిగ్గర్. ఫోన్ ఉండి తీరిక కూడా ఉంటే డ్రాగన్ క్వెస్ట్ 8. కంప్యూటర్ లేదా కన్సోల్ ఉండి, ఈ ఏడాది ఒక్కటే పెద్ద ఆట ఆడదామనుకుంటే వెనకాడకుండా డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్. మీ ఇంట్లో బొమ్మ కార్లు విప్పి మళ్లీ బిగించే పిల్లలు ఉంటే సాండ్ ల్యాండ్ వాళ్లకు నచ్చుతుంది. పోరుల కన్నా గోకు కుటుంబం కావాలంటే కాకరాట్, అన్నదమ్ములిద్దరూ కలిసి ఆడాలంటే ఫైటర్జ్.

ఇంతకుముందు వంతులవారీ పోరు ఉన్న ఆట ఎప్పుడూ ఆడనివాళ్లు కొందరు 11ను చూసి జంకుతారు. మొదటి రెండు గంటలు నిదానంగా ఉంటాయి, అది నిజం. ఊరు దాటి, దొంగ ఎరిక్ తోడయ్యే దాకా ఆగండి. అప్పటికీ నచ్చకపోతే క్రోనో ట్రిగ్గర్‌కు మారండి, అది మొదటి అరగంటలోనే మిమ్మల్ని లాగేస్తుంది.

డబ్బు విషయానికొస్తే, స్టీమ్‌లో వేసవిలోనూ శీతాకాలంలోనూ పెద్ద తగ్గింపులు ఉంటాయి. కాకరాట్, ఫైటర్జ్ లాంటి పాత ఆటలను పూర్తి ధరకు కొనాల్సిన పని లేదు. అదనపు కథలు కలిపి అమ్మే ఖరీదైన కట్టలకు బదులు ముందు అసలు ఆట ఒక్కటే కొనండి. డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్‌కు ఉచిత డెమో ఉంది, అందులోనే సుమారు 10 గంటల ఆట ఉంటుంది. అది పూర్తయ్యాక నచ్చి కొంటే, సేవ్ చేసిన చోటు నుంచే కొనసాగించవచ్చు.